నోరు మాత్రం కదుపు

ఏడో తరగతిలో ఆగస్టు పదిహేను పాటకి నన్నూ వరసలో నిలబెట్టారు. రెండో రోజు ప్రాక్టీసులో మేడమ్ నా దగ్గరకొచ్చి, "నువ్వు పాడకు, నోరు మాత్రం కదుపు చాలు" అన్నారు. చాలా ఏళ్లు బృందగానమంటే నాకు అదే: బాగా పాడేవాళ్లు పాడతారు, మిగతావాళ్లం లెక్కకి నిలబడతాం. తర్వాత కాస్త చరిత్ర చదివితే, వ్యవహారం సరిగ్గా తలకిందులని తెలిసింది.

1919లో మదనపల్లె. దక్షిణాది పర్యటనలో ఉన్న రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి థియోసాఫికల్ కాలేజీలో కొన్నాళ్లు ఆగాడు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐరిష్ కవి. ఆయన భార్య మార్గరెట్ డబ్లిన్‌లో సంగీతం చదువుకున్న మనిషి. ఒక సాయంత్రం విద్యార్థుల మధ్య ఠాగూర్ 'జనగణమన' పాడాడు. అది కొత్త పాటేం కాదు, 1911లోనే కలకత్తా కాంగ్రెస్ సభలో పాడారు. కానీ ఇక్కడ పల్లవి వచ్చినప్పుడల్లా అక్కడున్నవాళ్లంతా గొంతు కలిపారు. వాళ్లలో బెంగాలీ వచ్చినవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి? మార్గరెట్ ఆ బాణీని స్వరలిపిలోకి ఎక్కించారు. ఒక కవి గొంతులోని పాట ఎవరైనా నేర్చుకుని పాడగల పాటయింది.

ఆరేళ్ల తర్వాత, 1925లో, అప్పట్లో అదే జిల్లాకి కేంద్రమైన చిత్తూరులో ఎం.బి. శ్రీనివాసన్ పుట్టాడు. కుర్రతనంలోనే కమ్యూనిస్టు విద్యార్థి ఉద్యమం. తర్వాత మలయాళ సినిమాకి పెద్ద సంగీత దర్శకుడు. సినిమా వాద్యకారులకి యూనియన్ కట్టిన మనిషి కూడా. అప్పటికే 1958లో రుమా గుహ ఠాకుర్తా కలకత్తా యూత్ క్వైర్ మొదలుపెట్టింది. బొంబాయిలో సలిల్ చౌధురి ఇంకోటి పెట్టాడు. ఇదంతా ప్రజా నాట్య ఉద్యమం పెంచిన తరం. శ్రీనివాసన్ 1970ల తొలినాళ్లలో మద్రాస్ యూత్ క్వైర్ కట్టి, సుబ్రహ్మణ్య భారతి కవితల్ని యువకుల చేత పాడించాడు.

ఇది చెప్పినంత తేలిక కాదు. మన సంగీతం ఒంటి గొంతుది. దాని అందమంతా గమకంలో ఉంది. ఒకే గమకాన్ని నలభై మంది ఒకేలా పలికించలేరు, అలికేసినట్టవుతుంది. అందుకని బాణీని కాస్త సాపు చెయ్యాలి. పోయిన అందాన్ని ఇంకో దారిలో తేవాలి: కొందరు పై స్వరం, కొందరు కింది స్వరం. అప్పుడింకో చిక్కు. అందరూ ఒకే అక్షరాన్ని ఒకే క్షణంలో అనకపోతే కవిత గల్లంతు. పాట బతికి కవిత చచ్చిపోతే ఏం లాభం?

ఇక్కడే నాకు తెలుగు మీద ఆశ. మన మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి, సాగదీసి నిలబడటానికి గుంపుకి కావలసింది అచ్చే. గురజాడ ముత్యాలసరం నడక మూడూ నాలుగు మాత్రలు, చప్పట్లు కొడుతూ పాడగలిగినది. ఆయన దేశభక్తి గీతం స్కూళ్లలో ఇన్నేళ్లు నిలబడిందంటే భావం ఒక్కటే కారణం కాదు, ఆ నడక కూడా. కానీ ఇప్పుడు మన పిల్లల పాటంటే టీవీ పోటీ. ఒక మైకు, ఒక విజేత, ఎలిమినేషన్ రోజున ఏడుపు.

శ్రీనివాసన్ 1988లో లక్షద్వీప్‌లో చనిపోయాడు. ఆయనని ఎక్కువగా మలయాళీలు, తమిళులు గుర్తుపెట్టుకున్నారు. మన చిత్తూరులో పుట్టాడని మనలో చాలామందికి తెలీదు. దానికన్నా ఆయన చేసిన పని మనకి అందకపోవడం నాకెక్కువ బాధ. క్వైర్‌లో శ్రుతి కుదరని పిల్లని ఇద్దరు గట్టి గొంతుల మధ్య నిలబెడతారు. అటూ ఇటూ వింటూ ఆ పిల్ల దారిలో పడుతుంది. కవిత కూడా నోట్లో పడి, మెల్లగా అర్థమవుతుంది.

మా మేడమ్‌కి ఈ సంగతి తెలిసుంటే నన్ను మాట్లాడకుండా పక్కకి జరిపి ఉండేవారు, అంతే.