అందుగు బంక, సీసాలో నూనె, రాచపుండు

నల్లమలలో అందుగు చెట్టుని గుర్తుపట్టడానికి వృక్షశాస్త్రం చదవక్కర్లేదు. గిద్దలూరు దాటి నంద్యాల వైపు ఘాట్ ఎక్కినా, మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం దారి పట్టినా, మట్టి పలచగా ఉండే రాతి వాలుల మీద ఈ చెట్టు ఉంటుంది. బూడిద రంగు బెరడు పల్చటి కాగితంలా పొరలు పొరలుగా ఊడుతుంటుంది. ఎండలు ముదరక ముందే ఆకంతా రాల్చేసి, మోడు కొమ్మల మీద చిన్న తెల్ల పూలు పూస్తుంది. బెరడుకి గాటు పెడితే బంక కారుతుంది. ఆరిన బంకని నిప్పుల మీద వేస్తే వచ్చేది మనందరికీ తెలిసిన సాంబ్రాణి వాసనే. సంస్కృతంలో శల్లకి, హిందీలో సలై, శాస్త్రీయంగా బాస్వెల్లియా సెరేటా.

ఈ చెట్టుకీ దీని అరబ్బు, సోమాలీ చుట్టాలకీ ఇప్పుడు నగరాల్లో ఇంకో జీవితం ఉంది. వేలెడంత సీసాల్లో ఫ్రాంకిన్సెన్స్ ఆయిల్‌గా అమ్ముడవుతాయి. ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ అని తెలిసిన వారంలోపే, ఆ నూనె గురించిన మెసేజ్ ఒకటి ఫ్యామిలీ గ్రూపులోకి వచ్చి పడుతుంది. పాదాలకి రాయమంటారు, నాలుక కింద చుక్క వేయమంటారు. "వేల ఏళ్ళ నాటి వైద్యం, సైన్స్ కూడా ఒప్పుకుంది" అనే మాట తప్పకుండా ఉంటుంది. ఇందులో వేల ఏళ్ళ సంగతి నిజమే. సైన్స్ సంగతీ కొంత నిజమే. కానీ ఈ రెండు నిజాలూ సీసాలో ఉన్న నూనె గురించినవి కావు. అదెలా జరిగిందో చూద్దాం.

ముందు పాత సంగతి. సుశ్రుత సంహితలో వ్రణ ధూపనం ఉంది. గుగ్గిలం, అగరు, వస, ఆవాలు, వేపాకు లాంటి వాటితో పుండుకి పొగ వేయడం, రోగి పడుకున్న గదికి పొగ వేయడం. గడ్డలకి అర్బుదమనే పేరూ ఆ గ్రంథాల్లో ఉంది. కానీ గడ్డకి చెప్పిన చికిత్స వేరు: కోయడం, కాల్చడం, క్షారం పెట్టడం. పొగ పని పుండు దగ్గర, గది దగ్గర.

తెలుగులో దీనికి రాచపుండు అనే మాట ఉంది. షుగరు వాళ్ళకి వీపు మీద వచ్చే పెద్ద కురుపుకీ, ఎన్నాళ్ళకీ మానని పుండుకీ, మనం ఇప్పుడు క్యాన్సర్ అనే జబ్బుకీ మన పెద్దవాళ్ళు ఇదే మాట వాడారు. స్కాన్లు లేని రోజుల్లో లోపలి క్యాన్సర్ కనిపించేది కాదు. కనిపించేది బయటికి చీల్చుకుని వచ్చినదే: రొమ్ము మీద, దవడ మీద, మెడ మీద. అలాంటి పుండుకి వాసన ఉంటుంది. రోగి నొప్పి రోగికే తెలుస్తుంది, వాసన మాత్రం ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. మంచం ముందు గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి పశువుల చావిడి పక్కకి జరుగుతుంది. చుట్టాలు గుమ్మం దగ్గరే నిలబడి పలకరించి వెళ్ళిపోతారు. ఇలాంటి ఇంట్లో సాంబ్రాణి పొగ ఎవర్నీ బతికించలేదు. మనిషి దగ్గర మరో మనిషి ఇంకో గంట కూర్చోగలిగేలా మాత్రం చేసింది. ఆ పని చిన్నదేమీ కాదు.

ఇక శాస్త్రం ఈ చెట్టు దగ్గరికి వచ్చిన దారి. సామర్లకోటలో చాలా ఏళ్ళు ఉండి కోరమాండల్ తీరపు మొక్కల్ని బొమ్మలు గీయించిన విలియం రాక్స్‌బర్గ్ దీనికి శాస్త్రీయ నామం ఆలోచించాడు. ఆ పేరుతో 1807లో కలకత్తా 'ఏషియాటిక్ రిసెర్చెస్'లో వ్యాసం రాసింది హెన్రీ కోల్‌బ్రూక్. బైబిల్ కాలం నుంచీ యూరప్ గుళ్ళలో వెలిగించే సాంబ్రాణి ఈ భారతీయ చెట్టుదేనని ఆయన వాదన. తర్వాత అది నిలవలేదు. ఆ ధూపం ప్రధానంగా అరేబియా, సోమాలియాల్లోని చుట్టపు చెట్లదని పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో తేలింది. ఇవన్నీ ఒకే జాతి, వేరు వేరు చెట్లు. బజార్లో సాంబ్రాణి అనే మాట ఇంకా విశాలం: సుమత్రా నుంచి వచ్చే, అసలు చుట్టరికమే లేని చెట్టు బంకని కూడా అలాగే అంటాం. పేరు ఒకటే కదా అని గుణం ఒకటే అనుకోవడం అప్పటి నుంచీ ఉన్న అలవాటే.

నల్లమల పక్క ఊళ్ళకి ఇది వేరే లెక్క. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడే దాకా కర్నూలు జిల్లావి. అడవికి అటూ ఇటూ ఒకే పాలన, ఒకే అడవి సరుకు. చెంచులు తేనె, చింతపండు, బంకలు తెచ్చి అమ్మేవాళ్ళు. 1956లో పుట్టిన గిరిజన కోఆపరేటివ్ కార్పొరేషన్ ఆ కొనుగోళ్ళు చేపట్టింది. డబ్బు తెచ్చే బంక తపసి బంక. అందుగు బంకకి ఆ విలువ లేదు, దాన్ని ధూపం సరుకుగానే చూశారు.

విలువ మారింది 1980ల్లో. జమ్మూలోని రీజినల్ రిసెర్చ్ లాబొరేటరీలో జి.బి. సింగ్, సి.కె. అటల్ సలై బంక సారం మీద పనిచేసి, అది వాపుని తగ్గిస్తోందని 1986లో ప్రచురించారు. తర్వాత జర్మనీలో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో అమ్మోన్ బృందం అది ఎలా జరుగుతుందో వివరించింది. బంకలో ఉండే బాస్వెల్లిక్ ఆమ్లాలు, శరీరంలో వాపు పుట్టించే ఒక ఎంజైముని అడ్డుకుంటున్నాయి.

క్యాన్సర్‌తో అసలు సంబంధం ఇక్కడ మొదలైంది. మెదడులో గడ్డ ఉన్నవాళ్ళకి రేడియేషన్ ఇచ్చినప్పుడు మెదడు వాస్తుంది. దానికి స్టెరాయిడ్లు ఇస్తారు, వాటి బాధలు వాటికుంటాయి. 2011లో జర్మనీ డాక్టర్లు 44 మంది మీద పరీక్ష చేశారు. కొందరికి రేడియేషన్‌తో పాటు రోజుకి 4200 మిల్లీగ్రాముల బాస్వెల్లియా సెరేటా సారం, మిగిలినవాళ్ళకి ఉత్తుత్తి గోళీలు. రేడియేషన్ ముగిసేసరికి, వాపు ముప్పాతికకి పైగా తగ్గినవాళ్ళు మొదటి గుంపులో 60 శాతం, రెండో గుంపులో 26 శాతం. చిన్న పరీక్షే, కానీ పద్ధతిగా చేసింది. పరీక్షించింది వాపుని. క్యాన్సర్ నయమవుతుందా అన్నది వాళ్ళు అడిగిన ప్రశ్న కాదు. ఇచ్చింది కూడా రేడియేషన్‌తో పాటు, దానికి బదులుగా కాదు.

ఇప్పుడు సీసా దగ్గరికి వద్దాం. నూనె ఎలా తీస్తారు? బంకని డేగిశాలో వేసి ఆవిరి పట్టిస్తారు. ఆవిరితో పాటు ఎగిరేవి తేలికైన అణువులు. వాసనంతా వాటిదే. గొట్టంలో చల్లబడి నీటి మీద తేలేది వాటి నూనె. బాస్వెల్లిక్ ఆమ్లాలు బరువైన అణువులు, ఆవిరితో ఎగరవు. అడుగున మిగిలే జిగట పిప్పిలో ఉండిపోతాయి. అంటే జమ్మూలో, జర్మనీలో పరీక్షించిన పదార్థం దాదాపుగా సీసాలోకి రానే రాదు. గోళీ మీద జరిగిన పరిశోధనని నూనె సీసా మీద అంటించి అమ్ముతున్నారన్నమాట. ఒకే చెట్టు, ఒకే బంక కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

నూనె మీద పరిశోధన అసలు లేదా అంటే, ఉంది. 2009లో అమెరికాలోని ఓక్లహోమాలో, సోమాలియా వైపు చెట్టు నూనె మూత్రాశయ క్యాన్సర్ కణాల్ని గాజు గిన్నెలో చంపిందని ప్రచురించారు. గిన్నెలో కణాల్ని చంపడం మొదటి మెట్టు. బట్టలసోడా కూడా ఆ పని చేస్తుంది. మనిషి రక్తంలోకి ఎంత చేరుతుంది, గడ్డ దాకా వెళ్తుందా, మంచి కణాల్ని వదిలేస్తుందా అన్నవి తర్వాతి మెట్లు. ఆ మెట్లు ఎక్కకుండానే నూనె అంగళ్ళకి చేరింది. క్యాన్సర్‌కి, ఎబోలాకి కూడా మందులా అమ్ముతున్నందుకు 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పెద్ద నూనె కంపెనీలకి హెచ్చరిక లేఖలు రాసింది. మన దగ్గర 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం క్యాన్సర్‌ని నయం చేస్తామనే ప్రకటనల్నే నిషేధించింది. ఫ్యామిలీ గ్రూపులో వచ్చే మెసేజ్‌ని ఏ చట్టం పట్టుకుంటుంది?

అరోమాథెరపీ అనే మాట కూడా అంత పాతదేం కాదు. ఫ్రెంచ్ రసాయనవేత్త రెనే మోరీస్ గట్‌ఫోస్ 1937లో ఆ పేరుతో పుస్తకం వేశాడు. 1980ల్లో బ్రిటన్ నర్సులు దాన్ని హాస్పిటళ్ళలోకి, క్యాన్సర్ వార్డుల్లోకి తెచ్చారు. గడ్డని కరిగించాలని కాదు, భయంతో నిద్రపట్టని మనిషికి చేతులు, పాదాలు మర్దన చేయడానికి. 2016లో కాక్రేన్ సంస్థ ఇలాంటి 19 అధ్యయనాల్ని, 1274 మంది రోగుల్ని కలిపి చూసింది. నొప్పి, ఆందోళన కాస్త తగ్గొచ్చనే సూచనలున్నాయి, కానీ సాక్ష్యం చాలా బలహీనమని తేల్చింది. కాబట్టి ఎవరికైనా ఒక వాసన హాయిగా ఉంటే, దూది మీద చుక్క వేసి పీల్చుకుంటే తప్పు పట్టాల్సిందేమీ లేదు. కీమోలో ఉన్నవాళ్ళకి నిన్నటి దాకా ఇష్టమైన వాసనే ఇవాళ వికారం పుట్టించొచ్చు, వాళ్ళనే అడగాలి. తాగకూడదు. రేడియేషన్ పెట్టిన చర్మం మీద, పుండు మీద రాయకూడదు. వాడే సంగతి డాక్టరుకి చెప్పాలి. అంతవరకే.

అసలు ప్రమాదం నూనెలో కంటే అది తినేసే కాలంలో ఉంది. 2018లో అమెరికాలోని యేల్ పరిశోధకులు, జబ్బు ఇంకా పాకని దశలో వైద్యం మానేసి ప్రత్యామ్నాయ పద్ధతుల్నే నమ్ముకున్న 281 మందిని, మామూలు వైద్యం తీసుకున్నవాళ్ళతో పోల్చారు. చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు. పశ్చిమ ప్రకాశంలో ఈ లెక్కకి దూరం కూడా కలుస్తుంది. గిద్దలూరులోనో కంభంలోనో రైలెక్కి గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే ఒక రోజు కూలి పోతుంది, తోడు వెళ్ళే మనిషి కూలీ పోతుంది. ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు చికిత్స ఖర్చు భరించినా, పోయిన కూలీలు మిగులుతాయి. అలాంటి ఇంటికి "ఇంట్లోనే తగ్గుతుంది" అనే మాట ఎంత తియ్యగా వినిపిస్తుందో ఊహించండి. రెండు నెలలు నూనె రాసి చూద్దాం అనుకుంటారు. రొమ్ములో గోళీ అంత గడ్డకి ఆ రెండు నెలలు చాలు.

ఇక ఆ వాసన సంగతి. రాచపుండు వాసనకి కారణం గాలి అందని చోట పెరిగే బ్యాక్టీరియా. దానికి ఇప్పుడు మందుంది, అదీ చవక: విరేచనాలకి వాడే మెట్రోనిడజోల్. పాలియేటివ్ కేర్ నర్సులు ఆ మాత్రని మెత్తగా నూరి, కడిగిన పుండు మీద చల్లుతారు. చాలామందిలో రోజుల్లోనే వాసన తగ్గుతుంది. నొప్పికి మార్ఫిన్ ఉంది, అదీ ఒక మొక్క పాల నుంచి వచ్చిందే. దాన్ని ఆసుపత్రులు తెచ్చుకోవడానికి అడ్డుపడ్డ చట్టాన్ని 2014లో సవరించారు. ఇవి రెండూ ఉన్నాయని తెలియని ఇళ్ళే ఎక్కువ. ఫ్రాంకిన్సెన్స్ గురించి మెసేజ్ పంపే ఓపిక ఉన్నవాళ్ళు, ఈ రెండు పేర్లూ పంపితే బాగుంటుంది. వరండాలోకి జరిగిన మంచం మళ్ళీ ఇంట్లోకి వస్తుంది. ఆ తర్వాత సాంబ్రాణి వేసుకుంటారా, వేసుకోండి.