మన లైబ్రరీ జాలీ తలుపు

స్వర్ణోత్సవాల పనుల జాబితాలో ‘లైబ్రరీ పాత జాలీ తలుపు తీసేసి అల్యూమినియం తలుపు పెట్టించుట’ అని ఒక పద్దు ఉంది. కమిటీ సమావేశంలో దానికి అడ్డం చెప్పింది నేనే. ‘ఇంజనీరువి కదా, నువ్వే బాగుచెయ్యి’ అని మిత్రులు ఆ పని నా నెత్తినే పెట్టారు. రెండు నెలల పాటు ఆదివారాలన్నీ దానితోనే గడిచాయి. ఆ తలుపు చరిత్రతో పాటు, దాని గురించి నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని ఒక సంగతి కూడా ఈ సంచికలో రాయడం న్యాయమనిపించింది.

ఆ గుమ్మానికి రెండు తలుపులున్నాయని అందరికీ గుర్తుండే ఉంటుంది. పలకల తలుపు లోపలికి, జాలీ తలుపు బయటికి తెరుచుకుంటాయి. అమెరికా లాంటి చలిదేశాల్లో బయటి తలుపుకు చలికాలంలో గాజు పలకలు, వేసవిలో జాలీ పలకలు మార్చి బిగించే అలవాటు ఉంది. మన పలనాడులో మంచు గాలి లేదు, వడగాలి ఉంది. మధ్యాహ్నం చెక్క తలుపు మూస్తాం. పొద్దువాలాక దాన్ని తీసి, జాలీ తలుపు వేసి గాలి పోసుకుంటాం. జాలీ మీద వాలిన దోమలు తలుపుతో పాటు లోపలికి రాకూడదు కనుకనే అది బయటికి తెరుచుకుంటుంది.

జాలీకి ఇంత ప్రాముఖ్యం రావడంలో మన తెలుగు నేలకూ వాటా ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించారు. ఆ దోమలు కుట్టింది హుస్సేన్ ఖాన్ అనే రోగిని. కుట్టించుకున్నందుకు దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ముట్టింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఈలోగా 1900 వేసవిలో సాంబన్, లో అనే ఇద్దరు వైద్యులు ఇటలీలో రోమ్ దగ్గరి చిత్తడి నేలల్లో జాలీలు బిగించిన గుడిసెలో కాపురం పెట్టారు. పగలు బయట తిరిగేవారు. పొద్దు గుంకకముందే లోపలికి చేరి తలుపు వేసుకునేవారు. క్వినైన్ ముట్టలేదు. చుట్టుపక్కల వాళ్ళు జ్వరాలతో మూలుగుతున్నా వీళ్ళకు మలేరియా రాలేదు. ఒక తలుపు సరిగ్గా మూసుకుంటే ఏం జరుగుతుందో లోకానికి అప్పుడు తెలిసింది.

మన వైపుకు వద్దాం. శ్రీనాథుడి పేర చెప్పుకునే చాటువుల్లో పలనాడంటే రాళ్ళు, జొన్నకూడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువ మన మెట్ట పొలాల్లోకి వరిని తెచ్చింది. నిలవ నీళ్ళున్న చోట దోమా ఉంటుంది. స్వాతంత్ర్యం నాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదని, ఎనిమిది లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1953లో మలేరియా నియంత్రణ, 1958లో నిర్మూలన పథకాలు మొదలై, డీడీటీతో జబ్బు బాగా తగ్గింది. తీరా 1976లో మళ్ళీ అరవై లక్షలకు పైగా కేసులు వచ్చాయి. మన బడిలో చలిజ్వరంతో బెంచీ మీద ముడుచుకు పడుకున్న పిల్లల్ని మా తరం బాగా చూసింది. ప్రాజెక్టు క్యాంపు సామాను వేలంలో ఈ తలుపు మన బడికి వచ్చిందని మా మాస్టారు ఒకరు చెప్పేవారు.

ఇక పని సంగతి. ఊడదీసి బల్ల మీద పరిచి, మూల నుంచి మూలకు టేపు పట్టాను. ఒక కర్ణం 86 అంగుళాలుంటే రెండోది అంగుళం తక్కువ. అంటే తలుపు జారింది. టేకు గట్టిగానే ఉంది, చెడింది కింది అడ్డకమ్మీ ఒక్కటే. పాత రంగులో సీసం ఉండొచ్చు కనుక పొడిగా గీకకుండా తడిపి తీశాం. వడ్రంగి కొత్త కమ్మీ చిత్రిక పట్టి, అతుకుల్లో వెదురు మేకులు దిగ్గొట్టాడు. కర్ణాలు రెండూ సమానమయ్యాకే బిగించాం. కింది మడతబందు మూల నుంచి పైన గడియ వైపు మూలకు ఏటవాలుగా ఒక బద్ద వేశాం. ఆ బద్ద బరువును బందు మీదికి నెడుతుంది కనుక తలుపు మళ్ళీ జారదు. 1.4 మిల్లీమీటర్ల సందున్న స్టీలు జాలీని మధ్య నుంచి అంచులకు లాగుతూ బిగించి, పైన బీడింగ్ కొట్టాం.

పాత జాలీ విప్పుతుండగా కింది మూలలో అరచేయంత అతుకు కనిపించింది. సన్నని రాగి తీగతో, కంటికి కన్ను కలిపి, బట్టకు రఫ్ఫు చేసినట్టు కుట్టి ఉంది. దాన్ని కుట్టింది మన అటెండరు బాబాయి. చించింది నేను. 1983లో, ఎనిమిదో తరగతిలో, పందెం కాసి కాంపస్ ముల్లుతో జాలీని చీల్చాను. సాయంత్రం తలుపు సరిగ్గా చూసుకోలేదని బాబాయి అందరి ముందూ మాటలు పడ్డాడు. నేను వరసలో తలొంచుకుని నిలబడ్డానే గానీ నోరు విప్పలేదు. మర్నాడు ఆయన గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని ఆ చిరుగు కుట్టడం చూశాను. నన్ను చూసి ‘లోపలికి పో నాయనా, దోమలొస్తయ్’ అన్నాడు, అంతే. ఆయనకు తెలుసేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. అడగడానికి ఆయన లేరు.

ఆ అతుకున్న ముక్కను పారెయ్యలేదు. చట్రం కట్టించి లైబ్రరీకి ఇచ్చాను. పోయిన నెల బాబాయి కూతురిని పిలిచి, తలుపు చూపించి, జరిగింది చెప్పాను. ఆమె ఆ కుట్టును వేలితో తడిమి చూసి, ‘మా ఇంట్లో మంచం పట్టె కూడా నాన్న ఇట్నే కుట్టేవాడు అన్నా’ అంది.

ఉత్సవాలకు వచ్చినప్పుడు అందరూ లైబ్రరీ వైపు ఒకసారి రండి. తలుపు ఇప్పుడు చప్పుడు లేకుండా పడుతుంది. లోపలికి వెళ్ళాక మాత్రం మూయడం మరిచిపోకండి.