అమ్మవారిని సాగనంపింది ఎవరు?

మీ ఇంట్లో అరవై ఏళ్ళు దాటినవాళ్ళు ఉంటే ఒకసారి వాళ్ళ చేతి మీద చూడండి. రూపాయి బిళ్ళంత మచ్చ ఒకటో రెండో కనిపిస్తాయి. అది మశూచి టీకా మచ్చ. ఆ టీకా వేసిన మనిషి ఎవరని అడిగితే చెప్పలేరు. అతను ఆ ఊరివాడు కాదు. పొద్దున్నే వచ్చాడు, దొరికినవాళ్ళకు టీకాలు వేశాడు, మధ్యాహ్నానికి పక్క ఊరికి వెళ్ళిపోయాడు.

మశూచిని మనవాళ్ళు రోగం అనలేదు, "అమ్మవారు పోసింది" అన్నారు. కోస్తాలో పోలేరమ్మ, తెలంగాణలో పోచమ్మ, తమిళనాట మారియమ్మ, ఉత్తరాదిన గాడిద నెక్కి వచ్చే శీతల. గుమ్మానికి వేపమండలు కట్టారు, జాతర చేశారు, అమ్మవారిని ఊరి పొలిమేర దాకా సాగనంపారు. అయినా ఆవిడ మళ్ళీ మళ్ళీ వచ్చింది. 1975 తర్వాత మాత్రం రాలేదు. మరి చివరిసారి సాగనంపింది ఎవరు?

నా జవాబు ఒక్కటే. ఊరూరా తిరిగిన తాత్కాలిక ఆరోగ్య కార్యకర్తలు. ఈ చరిత్రలో హేతువాదులు గర్వపడే భాగం ఉంది, ఇబ్బంది పడే భాగమూ ఉంది. రెండూ చెప్పకపోతే అది చరిత్ర కాదు.

ముందుగా పాత కాలం సంగతి. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం చేసిన హాల్వెల్ 1767లో లండన్‌లో ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. బృందావనం, అలహాబాదు, కాశీల నుంచి కొందరు బ్రాహ్మణులు ఏటా ముగ్గురు నలుగురు చొప్పున జట్లుగా బెంగాల్ వచ్చేవారట. మశూచి కాలం మొదలయ్యే ముందే చేరుకునేవారు. ఇంటింటికీ తిరిగి చేతి మీద చిన్న గాటు పెట్టి, అంతకు ముందు ఏడు దాచిన మశూచి పొక్కుల రసాన్ని అద్దేవారు. పథ్యం చెప్పేవారు, మంత్రాలు చదివేవారు, కొన్ని గవ్వలు తీసుకుని ముందుకు సాగేవారు. బెంగాల్‌లో ఈ పని చేసేవాళ్ళను టీకాదార్లు అనేవారు. మన "టీకా" అన్న మాట కూడా ఆ కుటుంబానిదే.

ఇది చదవగానే కొందరు "చూశారా, అంతా మన వేదాల్లోనే ఉంది" అంటారు. కాస్త ఆగాలి. ఇదే పద్ధతి చైనాలో ఉంది, టర్కీలోనూ ఉంది. వాళ్ళకు మన మంత్రాలు తెలియవు, అయినా అక్కడా పనిచేసింది. అంటే పనిచేసింది పొక్కుల రసం. దాని వెనక ఉన్నది తరతరాల పరిశీలన. ఒకసారి మశూచి వచ్చి బతికినవాడికి మళ్ళీ రాదని గమనించి, తేలికగా రప్పించే ఉపాయం కనిపెట్టారు. ఆ తెలివికి దండం పెట్టవచ్చు. అయితే అది ప్రమాదం లేని పద్ధతి కాదు. అలా ఎక్కించుకున్నవాళ్ళలో నూటికి ఒకరిద్దరు చనిపోయేవారు. వాళ్ళ నుంచి ఇతరులకు అసలు మశూచే అంటుకునేది.

1796లో జెన్నర్ గోమశూచి రసంతో టీకా కనిపెట్టాడు. 1802 జూన్‌లో బొంబాయిలో ఒక మూడేళ్ళ పాపకు వేసిన టీకా మన దేశంలో మొదటిది. ఆ రసాన్ని ఒక బిడ్డ చేతి నుంచి ఇంకో బిడ్డ చేతికి ఎక్కించుకుంటూ దేశమంతా తీసుకెళ్ళారు. 1865లో కలకత్తాలో టీకాదార్ల పాత పద్ధతిని చట్టం చేసి నిషేధించారు. టీకాదార్లలో కొందరు సర్కారు టీకాల పనిలోనే చేరిపోయారు. కొత్తగా వచ్చిన టీకాలవాళ్ళకు జీతం తక్కువ, తిరుగుడు ఎక్కువ. జనానికి వాళ్ళంటే భయం. ఎందుకంటే గుండ్రటి పళ్ళ పరికరాన్ని చర్మంలో గుచ్చి తిప్పేవారు. చెయ్యి వాచేది, పుండయ్యేది. టీకాలవాడు వస్తున్నాడంటే తల్లులు పిల్లల్ని దాచేవారు. దీన్ని మొత్తంగా మూఢనమ్మకం అనేస్తే అన్యాయం. నొప్పి నిజం, పుండూ నిజమే.

స్వాతంత్ర్యం వచ్చాక 1962లో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టారు. అందరికీ టీకాలు వేసేస్తే రోగం పోతుందనుకున్నారు. కోట్లకొద్దీ వేశారు. లెక్కలు బ్రహ్మాండంగా వచ్చాయి, మశూచి మాత్రం పోలేదు. వేసిన టీకాల్ని లెక్కపెట్టారు గాని రోగుల్ని లెక్కపెట్టలేదు. బడిలో ఉన్న పిల్లలకు రెండుమూడుసార్లు వేశారు. కూలికి పోయినవాళ్ళకు, సంచార జాతులకు, మురికివాడలకు ఒక్కసారీ వెయ్యలేదు.

1973 శరత్కాలంలో పద్ధతి మార్చారు. విలియం ఫోగీ అనే డాక్టరు 1966 చివర నైజీరియాలో పరీక్షించిన పద్ధతి ఇది. మశూచి మనిషి నుంచి మనిషికే వస్తుంది. జంతువుల్లో దాక్కోదు. ఒంటి మీద పొక్కులుగా బయటపడుతుంది. కాబట్టి ప్రతి రోగినీ వెతికి పట్టుకుని, చుట్టూ ఉన్నవాళ్ళకు టీకాలు వేస్తే దానికి వెళ్ళడానికి దారి ఉండదు. అప్పటికి రెండు మొనల సూది కూడా వచ్చింది. పాత పరికరం కంటే నొప్పి తక్కువ, మందు తక్కువ, ఎవరికైనా కొద్దిసేపట్లో నేర్పవచ్చు.

ఇక కావలసింది మనుషులు. లక్షమందికి పైగా ఆరోగ్య సిబ్బందిని పంపి, దేశంలో పది కోట్లకు పైగా ఇళ్ళు వెతికించారు. మశూచి వచ్చిన పిల్లవాడి ఫొటో ఉన్న కార్డు చేత్తో పట్టుకుని సంతలో, బడిలో, గుమ్మంలో ఒకటే ప్రశ్న: "ఇలాంటివాళ్ళను ఎక్కడైనా చూశారా?" రోగి దొరికిన ఇంటికి రోజుకూలీ మీద రాత్రింబవళ్ళు కాపలా పెట్టారు. పర్యవేక్షణకు మన వైద్య కళాశాలల కుర్ర డాక్టర్లు, ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున ఎన్నో దేశాల డాక్టర్లు వచ్చారు. విదేశీయుల్లో చాలామందికి కాంట్రాక్టు మూడు నెలలే. జీపు, సంచి, రోజుకో ఊరు.

1974లో ఒక్క భారతదేశంలోనే 1,88,003 కేసులు నమోదయ్యాయి, 31 వేలమందికి పైగా చనిపోయారు. బీహారు పరిస్థితి మరీ ఘోరం. ఈ వెతుకులాట మానేసి మళ్ళీ అందరికీ టీకాలు వేద్దామని ఆ రాష్ట్ర ఆరోగ్యమంత్రి అన్నాడు. అప్పుడు సమావేశంలో ఒక కుర్ర డాక్టరు లేచి, మా ఊళ్ళో ఇల్లు అంటుకుంటే అంటుకున్న ఇంటి మీదే నీళ్ళు పోస్తారు గాని ఊళ్ళో అన్ని ఇళ్ళ మీదా పొయ్యరు అన్నాడట. మంత్రి ఇంకో నెల గడువిచ్చాడు. ఫోగీ తన పుస్తకంలో ఈ సంగతి రాశాడు. ఆ కుర్రవాడి పేరు మాత్రం అందులో లేదు. ఈ చరిత్రలో చాలామంది సంగతి అంతే.

1975 మే నెలలో బీహారులో, అస్సాంలో చివరి కేసులు దొరికాయి. ఇక్కడ హేతువాదులు ప్రత్యేకంగా గమనించాల్సింది ఒకటుంది. రోగం పోయిందని వాళ్ళు డప్పు కొట్టుకోలేదు. తమ మాట తప్పని నిరూపించమని జనాన్నే అడిగారు. మశూచి కేసు చూపించినవాళ్ళకు మొదట్లో 50 రూపాయలిచ్చేవారు, తర్వాత 100 చేశారు, 1975 జులై నుంచి 1000 రూపాయలు ప్రకటించారు. అప్పటికది పెద్ద మొత్తం. ఎక్కడెక్కడి పొక్కులో చూపించారు, అన్నీ పరీక్షించారు, ఒక్కటీ మశూచి కాదు. డాక్టర్ కోవూర్ మహిమలు చూపినవాళ్ళకు లక్ష రూపాయలిస్తానన్న సవాలు మనకు తెలుసు. ఇదీ అలాంటిదే. రెండేళ్ళు వెతికాకే 1977 ఏప్రిల్‌లో భారతదేశంలో మశూచి లేదని అంతర్జాతీయ సంఘం ధ్రువీకరించింది. 1980 మే 8న ప్రపంచమంతా లేదని ప్రకటించారు.

ఇప్పుడు ఇబ్బంది పెట్టే భాగం. సింగ్‌భూం జిల్లాలో జరిగిన ఒక సంఘటనను ఆ కార్యక్రమంలోనే పనిచేసిన లారీ బ్రిలియంట్ రాశాడు. హో తెగ పెద్ద ఒకాయన టీకా వద్దన్నాడు. రోగం ఎవరికి ఇవ్వాలో దేవుడే చూసుకుంటాడని ఆయన నమ్మకం. అర్ధరాత్రి పోలీసులతో వెళ్ళి, తలుపు బద్దలుకొట్టి, నేలకు అదిమిపట్టి ఆయనకూ ఇంటిల్లిపాదికీ టీకాలు వేశారు. అంతా అయ్యాక ఆయన తన పెరట్లోంచి దోసకాయ కోసి తెచ్చి ఆ వచ్చినవాళ్ళకే పెట్టాడు. ఎదిరించడం నా ధర్మం, ఎదిరించాను. ఇప్పుడు మీరు అతిథులు అన్నది ఆయన వాదన.

ఇది ఒక్క చోటే జరగలేదు. ఆఖరి దశలో జరిగిన బలవంతాల గురించి పాల్ గ్రీనో అనే చరిత్రకారుడు 1995లో వివరంగా రాశాడు. నా ఉద్దేశంలో రోగం విషయంలో ఆ హో పెద్దది పొరపాటు, తన తలుపు విషయంలో మాత్రం ఆయన మాటే ఒప్పు. ఆయన్ని ఒప్పించడానికి ఎవరైనా అక్కడ కొన్నాళ్ళు ఉండాలి, ఆయన భాషలో మాట్లాడాలి. మూడు నెలల కాంట్రాక్టు మీద వచ్చినవాడికి అంత వ్యవధి ఉండదు. మళ్ళీ ఆ ఊరి ముఖం చూడనక్కర్లేదు కాబట్టి తలుపు విరగ్గొట్టడం తేలిక. సైన్సు మన పక్షాన ఉంది కదా అని మనిషిని నేలకు అదమడం హేతువాదం కాదు. ఆ తర్వాత ఎమర్జెన్సీలో, 1976లో, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల పేరిట ఏం జరిగిందో అందరికీ తెలిసిందే.

దీనివల్ల ఆ లక్షమంది చేసిన పని చిన్నదైపోదు. పని ఎంత బాగా చేస్తే అంత తొందరగా పోయే ఉద్యోగం వాళ్ళది. మశూచి పోయింది, రోజుకూలీలు ఇంటికి పోయారు. పోలేరమ్మ గుళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, జాతర్లూ జరుగుతున్నాయి. ఫొటో కార్డు పట్టుకుని ఎండలో తిరిగిన మనిషికి మాత్రం ఏ ఊళ్ళోనూ ఒక రాయి లేదు.

2005 నుంచి ఆ గుమ్మాల ముందుకు వస్తున్నది ఆశా కార్యకర్తలు. వీళ్ళు ఆ ఊరివాళ్ళే. ఇంటింటి సంగతీ తెలుసు, తలుపు విరగ్గొట్టాల్సిన పని లేదు. ఆనాటి తప్పు నుంచి నేర్చుకోవలసింది ఇదే. కరోనా కాలంలో వాళ్ళు చేసిన పనికి 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డు కూడా ఇచ్చింది. అయినా కేంద్రం లెక్కలో వాళ్ళు ఉద్యోగులు కారు, పారితోషికం తీసుకునే స్వచ్ఛంద కార్యకర్తలు. అమ్మవారిని సాగనంపింది ఎవరో తెలిసినవాళ్ళం, కనీసం వీళ్ళు జీతం కోసం ధర్నా చేసిన రోజైనా వాళ్ళ పక్కన నిలబడాలి.