కొలవని నీరు: నెల్లూరు నుంచి నల్లగొండ దాకా ఒక వ్యాధి చరిత్ర

నడుము వంగడం లేదనో, మెడ తిరగడం లేదనో వచ్చిన రోగిని వైద్యుడు ఎన్నో ప్రశ్నలు అడుగుతాడు. వయస్సు, వృత్తి, తగిలిన దెబ్బలు, వచ్చిన జ్వరాలు అన్నీ విచారిస్తాడు. "మీ ఇంట్లో తాగే నీరు ఏ బావిది?" అన్న ప్రశ్న మాత్రం చాలాకాలం మా వైద్యుల నోట రాలేదు. వృత్తిలో అడుగుపెట్టిన తొలి సంవత్సరాలలో నేనూ అడగలేదు. నొప్పి తగ్గే మాత్రలు రాసి పంపించాను. ఆ ప్రశ్న అడగడం నేర్చుకున్న తరువాతనే, అనేకమంది విషయంలో వ్యాధికి మూలం ఊరి నేలలో, ఊరు తన నీటిని వాడుకున్న తీరులో ఉన్నదని నాకు బోధపడింది. ఆ వ్యాధి పేరు ఫ్లోరోసిస్. మన దేశంలో దాని కథ తెలుగు నేల మీదనే మొదలైంది కనుక, ఆ చరిత్రను మీ ముందుంచడం నా విధి అనుకుంటున్నాను.

తొలి గుర్తింపు

భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా గుర్తించి ప్రకటించిన సంవత్సరం 1937. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో, తరువాత ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి ప్రాంతాల పల్లెలలో ఈ వ్యాధి కనిపించింది. హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి కలిసి ఆ పరిశోధనను ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రచురించారు. వైద్యులకన్నా ముందు రైతులే కీడును పసిగట్టారని చెబుతారు. దున్నే ఎద్దులు కాళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం వారి కంటబడిందట. మనిషి, పశువు తాగేది ఒకే నీరు గదా!

ఆ నీటిలోని దోషం రాతినుంచి వచ్చింది. మన మెట్ట ప్రాంతాలలో నేల కింద పరచుకొని ఉన్న గ్రానైటు శిలల్లో ఫ్లోరైడు కలిగిన ఖనిజాలున్నాయి. నీరు ఆ రాతి పగుళ్లలో ఎంత ఎక్కువకాలం నిలిస్తే అంతగా ఫ్లోరైడు దానిలో కరుగుతుంది. సున్నపు పాలు తక్కువై, క్షారగుణం ఎక్కువైన నీటిలో ఈ కరుగుదల మరింత హెచ్చుతుంది. ఆ నీరు చూపుకు స్వచ్ఛమే. రంగు, వాసన ఏవీ పట్టి ఇవ్వవు. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాముకు మించకపోవడం మేలనీ, వేరే ఆధారం లేనిచోట 1.5 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి అనీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ భేదాన్ని నాలుక పోల్చుకోలేదు. పరీక్ష ఒక్కటే పోల్చగలదు.

పళ్లు ఏర్పడే బాల్యంలో ఈ నీరు తాగిన పిల్లలకు పళ్లమీద సుద్దమచ్చలు, గోధుమరంగు గారలు శాశ్వతంగా నిలిచిపోతాయి. ఏళ్ల తరబడి తాగితే ఫ్లోరైడు ఎముకలో చేరుతుంది. ఎముక మందమవుతుంది గాని బలం కోల్పోతుంది. కీళ్లను పట్టి ఉంచే స్నాయువులు సున్నం పట్టి గట్టిపడతాయి. వెన్నుపాము దారి ఇరుకై, కొందరికి కాళ్లు చచ్చుబడతాయి. ఒకసారి ఎముకలో జరిగిన ఈ మార్పును పూర్తిగా వెనక్కు తిప్పగల మందు నేటికీ లేదు.

నల్లగొండ

నెల్లూరు తరువాత ఈ వ్యాధికి పర్యాయపదంగా మారిన పేరు నల్లగొండ. ఆ జిల్లాలోని ఫ్లోరోసిస్‌పై ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన పరిశోధన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు, ఫ్లోరోసిస్ ప్రాంతాలలో మోకాళ్లు ఒరుసుకొని పాదాలు ఎడమయ్యే వైకల్యాన్ని గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. లోకమంతటి వైద్యులూ మన పల్లెలను గురించి చదివారు. ఆ పల్లెలు మాత్రం అదే నీరు తాగుతూ ఉండిపోయాయి. ఎందుకు?

దీనికి జవాబు కావాలంటే నీటి నిర్వహణ చరిత్రను కొంత తడమాలి. నల్లగొండ పక్కనే పానగల్లులో కందూరు చోడుల కాలంనాటి ఉదయసముద్రం చెరువు ఉన్నది. అటువంటి పెద్ద చెరువులు, వాటి కింద గొలుసుకట్టు చిన్న చెరువులు, ఆ తడిని ఆధారం చేసుకున్న చేదబావులు మన మెట్ట ఊళ్ల జీవాధారాలు. తూము ఎప్పుడు తెరవాలో నీరటికాడు చూసేవాడు. పూడిక మట్టి తీసి పొలాలకు తోలుకునేవారు. చెరువునుంచి ఊరే కొత్తనీరు చాలాచోట్ల బావినీటిలోని లవణాలను పలుచన చేసేది. అయితే ఆ కాలాన్ని స్వర్ణయుగమని పొగడడం సరికాదు. 1937లో నెల్లూరు పల్లెలను పీడించినది తవ్వుడు బావుల నీరే. బావి ఎవరు తోడాలి, ఎవరు దూరంగా నిలబడాలి అన్న కులనియమం కూడా ఆ వ్యవస్థలో భాగమే.

బోరుబావి చేసిన మేలు, తెచ్చిన కీడు

1960ల చివరి కరవుల తరువాత యూనిసెఫ్ సహకారంతో గట్టిరాతిని తొలిచే రిగ్గులు మన దేశానికి వచ్చాయి. ఊరూరా బోరింగులు వెలిశాయి. వాటి మేలును తక్కువ చేయకూడదు. తెరచిన బావులనుంచి కలరా, విరేచనాలు వ్యాపించేవి. దిగుడుబావిలో కాళ్లు తడుపుకుంటూ నీళ్లు ముంచుకోవడం వల్ల నారికురుపు వచ్చేది. మూతవేసిన బోరింగులు ఆ దారిని మూసివేయడంలో ముఖ్యపాత్ర వహించాయి. దేశంలో చివరి నారికురుపు కేసు 1996లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని ఆ వ్యాధి లేని దేశంగా ధ్రువీకరించింది.

కాని క్రిమిలేని నీరే మంచినీరు అన్న నమ్మకం మనల్ని మరొక వైపు గుడ్డివారిని చేసింది. చేదబావి అందుకోలేని లోతులలో, రాతి పగుళ్లలో చిరకాలంగా నిలిచిన నీటిని బోరు పైకి తెచ్చింది. సాగుకు కూడా బోర్లు విస్తరించాయి. చెరువులు పూడిపోతుంటే ఆలనాపాలనా కరువైంది. నీటిమట్టం దిగినకొద్దీ మరింత లోతుకు వేశారు. ఎన్ని అడుగులకు నీరు పడిందో ఊరందరికీ తెలుసు. ఆ నీటిలో ఏమున్నదో తెలిసినవారు అరుదు. ప్రయోగశాల జిల్లా కేంద్రంలోనో, నగరంలోనో ఉండేది. పరీక్ష జరిగినా ఫలితం దస్త్రంలో ఆగేది.

మార్గం తెలిసినా

ఉపాయం లేకపోలేదు. నాగ్‌పూరులోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1970లలోనే ఒక పద్ధతిని రూపొందించి, దానికి "నల్లగొండ పద్ధతి" అని పేరు పెట్టింది. పటిక, సున్నం, బ్లీచింగు పొడి తగిన పాళ్లలో కలిపి కలియబెడితే ఫ్లోరైడులో అధికభాగం మడ్డితోబాటు అడుగున దిగుతుంది. ఇంటి బకెట్టులోనూ చేయవచ్చు, ఊరి తొట్టిలోనూ చేయవచ్చు. కాని పటిక మోతాదు ఆ ఊరి నీటిగుణాన్ని బట్టి మారుతుంది. ప్రతిదినం సరిగా కలపాలి, మడ్డిని భద్రంగా పారబోయాలి, మధ్యమధ్య పరీక్షించాలి. ఆ దినదిన బాధ్యత ఎవరిదో నిర్ణయించని చోట ఎంత మంచి పద్ధతి అయినా నిలవదు.

ఆ బాధ్యతకు చట్టం ఒక చిరునామా చూపింది. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలలో తాగునీరు, నీటి యాజమాన్యం, ఆరోగ్య పారిశుద్ధ్యాలను చేర్చింది. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం బోర్ల తవ్వకాన్ని నియమాల కిందికి తెచ్చింది. అధికారం కాగితం మీద ఊరికి చేరింది. కొలిచే పరికరం, కొలవగల మనిషి, కొలతకు విలువనిచ్చే అలవాటు అంత త్వరగా చేరలేదు.

చేరితే ఏమవుతుందో చూపిన ప్రయత్నం ఒకటున్నది. 2003 ప్రాంతంలో నల్లగొండ, ప్రకాశం సహా ఏడు కరవు జిల్లాలలో రైతులు స్వయంగా భూగర్భజలాలను యాజమాన్యం చేసుకునే పథకం మొదలైంది. చదువు అంతగా లేని రైతులు, రైతుమహిళలు సైతం వాన కొలిచారు, బావిలో నీటిమట్టం కొలిచారు, ఆ లెక్కలను ఊరి గోడలమీద రాశారు. రబీకి ముందు ఊరివారు కూర్చుని, భూమిలో ఎంత నీరున్నది, ఏ పంటకు ఎంత పడుతుంది అని పద్దు వేసుకున్నారు. అక్కడ పోలీసు లేడు, జరిమానా లేదు. లెక్క కంటికి కనబడినప్పుడు వరి తగ్గించి ఆరుతడి పంటలవైపు మళ్లినవారు ఉన్నారు.

నది ఇంటికి వచ్చిన తరువాత

తెలంగాణలో మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో ఫ్లోరైడు పీడిత జిల్లాలోని చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. కృష్ణా గోదావరుల శుద్ధజలం గొట్టాలద్వారా పల్లెలకు చేరడం ఈ వ్యాధిచరిత్రలో పెద్ద మలుపు. అయితే వైద్యునిగా నా భయం ఒకటున్నది. గొట్టం పగిలినరోజు, మోటారు ఆగినరోజు, రుచి నచ్చలేదన్నరోజు జనం తిరిగి పాత బోరు దగ్గరికే వెళతారు. గ్రానైటు అక్కడే ఉన్నది. పళ్లు ఏర్పడే వయసు బిడ్డలు ప్రతి సంవత్సరం కొత్తగా వస్తూనే ఉంటారు. మరచిపోయిన ఊరికి వ్యాధి మళ్లీ పరిచయం చేసుకుంటుంది.

కనుక పాఠకులారా, ఫ్లోరైడు ప్రాంతాలవారు ఈ కొన్ని సంగతులు మనసులో ఉంచుకోండి. కాచడం వల్ల ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై దాని గాఢత పెరుగుతుంది. మామూలు గుడ్డ వడపోత, కొవ్వొత్తి ఫిల్టరు దానిని ఆపలేవు. పాలు, పెరుగు, ఆకుకూరలు, ఉసిరి వంటివి హానిని కొంత తగ్గించగలవు గాని మంచినీటికి బదులు కావు. మోకాళ్లు వంచకుండా నేలమీది నాణేన్ని తీయగలుగుతున్నారా? గడ్డం ఛాతీకి ఆనుతున్నదా? చేతులు చాచి, మడిచి, తలవెనుక చేర్చగలుగుతున్నారా? ఈ మూడింటిలో ఏది కష్టమైనా వైద్యుని వద్దకు వెళ్లండి, మీరు తాగే నీటి సంగతి మీరే చెప్పండి.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటిపరీక్ష పెట్టెలు వాడడంలో శిక్షణ ఇవ్వాలన్న ఏర్పాటున్నది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరు? ఈసారి గ్రామసభలో రోడ్లు, దీపాల ప్రస్తావన ముగిసిన తరువాత లేచి ఆ ఒక్క ప్రశ్న అడగండి. ప్రతి నీటివనరు పక్కన ఫ్లోరైడు ఎంతో, పరీక్షించిన తేదీ ఏదో పెద్ద అక్షరాలతో రాయించమని కోరండి. 1937లో ఆ కొలత తీయడానికి శాస్త్రవేత్తలు పొదిలి దాకా రావలసివచ్చింది. నేడు ఆ పని మీ ఊరి ఆడపడుచు మీ వీధిలోనే చేయగలదు.