పసికందు నెత్తుటి చుక్క



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము, పుట్టిన బిడ్డకు మొదటి దినములలో చేయవలసిన నెత్తుటి పరీక్షను గూర్చినది. ఈ పరీక్ష లోకమునకు ఎట్లు లభించినదో, మన తెలుగుదేశమునకు ఎట్లు వచ్చినదో చెప్పుట నా యుద్దేశము.

మాది నడిగూడెము. నా చిన్నతనమున మా యింటికి రెండిండ్ల అవతల ఒక ఆడుబిడ్డ పుట్టినది. ఆ బిడ్డ ఏడ్వదు, పాలకై పేచీ పెట్టదు, ఎంతసేపైనను నిద్రించుచుండును. తల్లికి శ్రమ యియ్యని బంగారు బొమ్మ యని వీధిలోని ముసలమ్మలెల్లరు మెచ్చుకొనిరి. మెచ్చినవారిలో మా నాయనమ్మయు ఒకతె. ఏడాది నిండినను బిడ్డ కూర్చుండలేదు. మూడేండ్లు వచ్చినను మాట రాలేదు. తాయెత్తులు కట్టిరి, మ్రొక్కులు మ్రొక్కిరి. చాల కాలమునకు పట్టణమునందొక వైద్యుడు చూచి, మెడలోని థైరాయిడ్ గ్రంథి పుట్టుకనుండియు పనిచేయుట లేదనియు, మందు వలన ఒడలు పెరుగును గాని పోయిన బుద్ధి మరలి రాదనియు చెప్పెను. ఆ తల్లి తాను బ్రతికినంత కాలము, పెద్దదైన కూతునకు అన్నము కలిపి ముద్దలు పెట్టుచునే యుండెను.

మేము గుణమనుకొన్నది రోగలక్షణము. మొదటి నెలలోనే తెలిసియుండినచో, దినమున కొక చిన్న మాత్రతో ఆ బిడ్డ అందరు పిల్లలవలె బడికి పోయెడిది. అయినను అట్టి శిశువు పుట్టినపుడు చూడ చక్కగానే యుండును. కంటికి కనబడని దానిని కనిపెట్టుట యెట్లు?

ఈ ప్రశ్నకు మార్గము చూపిన కథ నార్వే దేశమున ఆరంభమైనది. 1934లో ఒక తల్లి, బుద్ధి వికసింపని తన యిద్దరు బిడ్డల విషయమై ఫోలింగ్ అను వైద్యుని నాశ్రయించెను. వారి మూత్రమున ఒక వింత వాసన కలదని ఆమె గమనించియుండెను. ఆ మాటను వైద్యుడు త్రోసివేయక పరీక్షించెను. మూత్రమున ఇనుప లవణమొకటి కలుపగా ఆకుపచ్చని రంగు పుట్టినది. ఆహారములోని మాంసకృత్తులయం దుండు ఒక పదార్థమును వారి శరీరము మార్చుకొనలేక పోవుచున్నదనియు, అది పేరుకొని మెదడును చెరచుచున్నదనియు తేలినది. ఫినైల్‌కీటోన్యూరియా యని ఆ రోగమునకు పేరు. 1950 తరువాత ఇంగ్లండులోని బర్మింగ్‌హాము వైద్యులు, ఆ పదార్థము తగ్గించిన ప్రత్యేకాహారముతో మేలు కలుగునని కనుగొనిరి. కాని మెదడు చెడక మునుపే మొదలిడినగాని పూర్ణఫలము లేదు.

అప్పుడు అమెరికాలో రాబర్ట్ గథ్రీ యను వైద్యుడు ముందుకు వచ్చెను. అతని కుమారుడు బుద్ధిమాంద్యము కలవాడు. అతని భార్య తోబుట్టువు బిడ్డకు పై రోగము ఆలస్యముగా బయటపడెను. ఇంటి దుఃఖమే అతనిని ఈ పనికి పురికొల్పినది. శిశువు మడమను సూదితో పొడిచి, వచ్చిన కొన్ని నెత్తుటి చుక్కలను వడపోత కాగితముపై అద్ది యారబెట్టి, ఆ కాగితము నుండియే రోగము నెరుగు ఉపాయమును 1960 ప్రాంతమున అతడు కల్పించెను. 1963లో మసాచుసెట్స్ రాష్ట్రము ఈ పరీక్షను శాసనము చేసెను. 1974లో కెనడాలోని క్విబెక్ నందు దుసో అను వైద్యుడు, అట్టి కాగితపు చుక్కతోనే థైరాయిడ్ లోపమును గూడ వెదకుట కారంభించెను. మా వీధి బిడ్డను కాపాడదగినది ఈ పరీక్షయే.

ఇందలి గొప్పతనము సూదిలో లేదు, కాగితములో నున్నది. ఆరిన చుక్క టపాలో పోగలదు. ప్రతి యూరను ప్రయోగశాల యక్కరలేదు. పది జిల్లాలకు, కావలసినచో కొన్ని దేశములకు, ఒక్కటి చాలును. ఫిలిప్పైన్సు దేశము వేలకొలది దీవుల దేశము. అక్కడ 1996లో రాజధాని ప్రాంతపు ఆసుపత్రులు కొన్ని కూడి ఈ పరీక్ష నారంభింపగా, 2004లో దేశమంతటికిని శాసనమైనది. తూర్పు ఆసియా దేశములు కొన్ని కలసి థైరాయిడ్ పరీక్ష నెలకొల్పుకొనుటకు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సాయపడినది. నెత్తుటిలోని అత్యల్ప పదార్థమును కొలుచుటకు అణుశాస్త్రము తోడ్పడును గదా!

ఇక మన సంగతి. 2000లో హైదరాబాదునందలి నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో 18,300 మంది శిశువులకు ఈ పరీక్ష చేయుట కారంభించిరి. ప్రతి 1,700 మందిలో ఒకరికి పుట్టుకతోనే థైరాయిడ్ లోపము కనబడినది. పుట్టుకతో వచ్చు జీవక్రియా లోపములన్నియు కలిపి వేయింటి కొక్కటి చొప్పున తేలినవి. ఇవి అరుదైనవని కొట్టివేయదగిన లెక్కలు కావు.

ఇచ్చట పెద్దలకు ఒక మాట మనవి చేసెదను. థైరాయిడ్ లోపము చాలవరకు వంశమును బట్టి వచ్చునది కాదు. గ్రంథి సరిగా ఏర్పడకపోవుట వలన వచ్చును. కాని మిగిలిన లోపములలో అనేకములు తల్లిదండ్రు లిరువురియందును దాగియుండి బిడ్డయందు బయటపడునవి. మేనరికములందు, మేనమామ సంబంధములందు ఆ రెండు దాపరికములు కలియుట కవకాశ మెక్కువ. పెండ్లి నిశ్చయించునది మీరు. కావున ఈ సంగతి మీ చెవిని వేయుచున్నాను.

2013లో భారత ప్రభుత్వము రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమును ప్రారంభించినది. పుట్టుక లోపములు, పోషక లోపములు, బాల్యరోగములు, ఎదుగుదలలో ఆలస్యము, ఈ నాలుగింటిని పదునెనిమిదేండ్ల వరకు వెదకుట దాని పని. కాన్పు జరిగిన చోట సిబ్బందియు, ఆరు వారముల వరకు ఇంటికి వచ్చి ఆశా కార్యకర్తయు, పిమ్మట అంగన్‌వాడీలందును బడులందును వైద్యబృందములును బిడ్డలను చూతురు. లోపము కనబడినచో జిల్లా కేంద్రమునకు పంపుదురు. అయితే మడమ నెత్తుటి పరీక్ష మాత్రము అన్ని ఆసుపత్రులలో అందరు శిశువులకును జరుగుట లేదు. అడిగి చేయించుకొనవలెను.

మన మునగాల పరగణా ఒకప్పుడు కృష్ణా జిల్లాలో చేరి, చుట్టును నిజాము రాజ్యముతో ద్వీపమువలె నుండెను. అయినను ఈ నడిగూడెము కోటలో దివానుగా నుండిన కొమర్రాజు లక్ష్మణరావుగారు, 1906లో హైదరాబాదున విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి, చరిత్రను, శాస్త్రమును తెలుగువారందరికిని అందించిరి. వారు గీటును చూడలేదు. రోగమునకును గీటు లేదు. కోదాడలో పుట్టిన బిడ్డ నెత్తుటి చుక్క హైదరాబాదులో పరీక్షింపబడి, ఆ ఫలితము రెండు వారములలోపల నడిగూడెములోని అమ్మమ్మ యింటికి చేరినపుడే ఆ బిడ్డకు మేలు. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినను పరీక్ష వ్యర్థము. చివరి లంకె మన గ్రామమే.

కావున మీ యింట కాన్పైనపుడు మడమ పరీక్ష జరిగినదా యని అడుగుడు. ఫలితము వచ్చువరకు విడువకుడు. ఏడ్వని బిడ్డను, పాలు సరిగా త్రాగని బిడ్డను, పచ్చకామెర వారములు గడచినను తగ్గని బిడ్డను మెచ్చుకొనుచు కూర్చుండకుడు, వైద్యునికి చూపుడు. మా నాయనమ్మకు ఈ మాట చెప్పువారు ఆనాడు లేకపోయిరి. మీకు నేను చెప్పితిని.