అస్తర్, రూయీ, అబ్రా: ఎల్క్ శికార్ లిబాస్ వెనుక కథ

మా ఖాలా కొడుకు డెన్వర్‌లో ఉంటాడు. కిందటేడు సెప్టెంబర్‌లో ఆఫీసు దోస్తులతో కలిసి కొలరాడో కొండల్లోకి ఎల్క్ శికార్‌కి పోయాడు. బందూక్ కాదు, తీర్ కమాన్ శికార్. వీడు బాణం వేసేవాడు కాదు, తమాషా చూడ్డానికి తోడు పోయినోడు. మధ్యాహ్నం ఎండ చూసి జీన్స్ ప్యాంటు, కాటన్ బనియన్, పైన మందపాటి కాటన్ స్వెట్‌షర్ట్ వేసుకుని కొండెక్కాడు. పైకి చేరేసరికి వీపంతా పసీనా. పొద్దుగూకింది, గాలి లేచింది. గుడారం దాకా వచ్చేటప్పటికి దవడలు టకటకా కొట్టుకుంటున్నాయి, బూటు లేసు విప్పుదామంటే వేళ్లు మాట వినట్లేదు.

"భాయ్, మంచు లేదు, వాన లేదు. బట్టలు నిండా ఉన్నాయి. మరి నేనెందుకు చావబోయాను?" అని ఫోన్‌లో అడిగాడు.

వాడి సవాల్‌కి జవాబ్ వెతుకుతూ పోతే నూరేళ్ల తారీఖ్ బయటపడింది.

ముందు జానవర్ సంగతి. ఎల్క్ అంటే మన కణుజు కన్నా పెద్ద జింక, కశ్మీర్ హంగుల్‌కి దగ్గరి చుట్టం. బాగా ఎదిగిన మగది 300 కిలోలు దాటుతుంది. యూరప్ వాళ్లు రాకముందు ఉత్తర అమెరికాలో కోటి దాకా ఉండేవని అంచనా. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి లక్ష కూడా మిగల్లేదు. కొలరాడోలోనైతే దాదాపు ఖాళీ. వ్యోమింగ్ నుంచి తెచ్చి వదిలి, చట్టాలు పెట్టి, లైసెన్సులు లెక్కగట్టి ఇచ్చి మళ్లీ పెంచారు. ఇవాళ మరే రాష్ట్రంలోనూ లేనన్ని ఎల్క్‌లు అక్కడే ఉన్నాయి. మన దగ్గర 1972 చట్టంతో శికార్ ముచ్చటే ముగిసింది కాబట్టి ఈ లెక్క మనకు అజీబ్‌గా తోస్తుంది. అక్కడ మాత్రం లైసెన్సు ఫీజు సొమ్ముతోనే అడవి జానవర్ల హిఫాజత్ చాలావరకు నడుస్తోంది.

ఇక తీర్ కమాన్. బందూక్ వచ్చాక అమెరికాలో బాణాన్ని చాలామంది మరిచిపోయారు. 1911లో కాలిఫోర్నియా కొండల్లోంచి ఇషి అనే మనిషి బయటికొచ్చాడు. యాహీ కబీలాలో తెల్లవాళ్ల కత్ల్-ఎ-ఆమ్ తర్వాత మిగిలిన ఆఖరి మనిషి. యూనివర్సిటీ మ్యూజియంలో ఉంచుకున్నారు. అక్కడి డాక్టర్ సాక్స్‌టన్ పోప్ అతని దగ్గర విల్లు పట్టడం నేర్చుకున్నాడు. ఇషి 1916లో క్షయతో పోయాడు. పోప్ 1923లో పుస్తకం రాశాడు, దోస్త్ ఆర్ట్ యంగ్‌తో కలిసి అడవులన్నీ తిరిగాడు. ఆ హవా అట్లా పాకింది. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రం బాణం వేటగాళ్లకు విడిగా మౌసమ్ ఇచ్చింది, తర్వాత మిగతా రాష్ట్రాలు కూడా. కబీలా మొత్తాన్ని మట్టిలో కలిపి, ఆఖరి మనిషి హునర్‌ని మాత్రం శౌక్‌గా నేర్చుకున్నారు. నాకైతే ఈ ముక్క దగ్గర మనసు ఆగిపోయింది.

ఇషి శికార్‌కి పోయే ముందు రోజు చేపలు తినేవాడు కాదు, పొగాకు ముట్టేవాడు కాదు. తెల్లవారుజామున వాగులో స్నానం చేసి, సువాసన వచ్చే ఆకులు ఒంటికి రుద్దుకునేవాడు. ఇదంతా పోప్ రాసిపెట్టాడు. జానవర్ కన్నా ముందు దాని ముక్కుని గెలవాలని ఇషికి తెలుసు. ఈ మాట గుర్తుంచుకోండి, బట్టల దగ్గర మళ్లీ వస్తుంది.

బందూక్ వాళ్లు ఎక్కువగా అక్టోబర్, నవంబర్ చలిలో పోతారు. దూరం నుంచి కాలుస్తారు కాబట్టి మందపాటి కోటు చెల్లిపోతుంది. కొలరాడోలో వాళ్లు మెరిసే నారింజ లేదా గులాబీ రంగు వేసుకోవడం చట్టం కూడా. బాణం వాళ్ల మౌసమ్ సెప్టెంబర్. మగ ఎల్క్‌లు జోడీ కోసం అరుస్తూ తిరిగే నెల. 30, 40 గజాల దగ్గరికి చేరితే తప్ప బాణం పనిచేయదు. పొద్దున గడ్డి మీద తెల్లటి పాలా, మధ్యాహ్నం చెమట పట్టే ఎండ, మూడింటికి ఉరుములతో వాన, రాత్రికి మళ్లీ వణుకు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీలకు పైగా చల్లబడుతుంది. ఒక్క రోజులో ఇన్ని మౌసమ్‌లకు ఒకే కోటు సరిపోదు.

అమ్మీకి ఇదంతా చెప్తుంటే "రజాయి లెక్కనేనా?" అంది. అచ్చంగా అదే. మా ఇంట్లో రజాయి కుట్టేటప్పుడు ఒంటికి తగిలేది అస్తర్, నడుమ రూయీ, పైన అబ్రా. అమెరికా వేటగాళ్లు చెప్పే మూడు పొరలు సరిగ్గా ఇవే. తేడా ఒక్కటే. రజాయిని టాంకా వేసి కలిపేస్తాం, వీళ్లు దేనికది విడిగా ఉంచుకుంటారు.

ఈ పొరల తర్కీబ్ కొండలెక్కేవాళ్లకు ముందు తెలిసింది. 1924లో ఎవరెస్ట్ మీద పోయిన మలోరీ శవం 1999లో దొరికింది. ఒంటి మీద కాటన్, సిల్క్, ఉన్ని, పైన గాలి ఆపే గాబర్డీన్, అన్నీ పలుచటి పొరలు. 2006లో అట్లాంటి లిబాసే కుట్టించి ఎవరెస్ట్ మీదే వేసుకుని చూస్తే, తేలిగ్గా, హాయిగా ఉందని తేలింది.

కానీ మా వాడి సవాల్‌కి అసలు జవాబ్ ఎడ్డీ బావర్ కథలో ఉంది. సియాటిల్‌లో ఆటసామాన్ల దుకాణం నడిపేవాడు. 1930ల మధ్యలో ఒక చలికాలం చేపల వేటకు పోయాడు. బరువైన చేపలు మోసుకుంటూ ఏటవాలు ఎక్కుతుంటే ఉన్ని బట్టలు పసీనాతో తడిసిపోయాయి. చలికి ఆ తడి బిగుసుకుపోయింది. మత్తుగా నిద్రొచ్చింది. పక్కన దోస్త్ లేకపోతే అక్కడే పోయేవాడు. వానకి తడవలేదు, నదిలో పడలేదు. దుష్మన్ అతని ఒంట్లోంచే వచ్చింది. తడి గుడ్డ ఒంటి వేడిని పొడి గాలి కన్నా ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తుంది. శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కన్నా దిగితే అది మరణానికి దారి. దానికి మంచు కురవాల్సిన పన్లేదు, గాలి, తడి, పది డిగ్రీల చలి చాలు.

బతికొచ్చాక బావర్ బాతు ఈకల్ని గుడ్డల మధ్య నింపి, గళ్లు గళ్లుగా కుట్టి జాకెట్ చేశాడు, 1940లో పేటెంట్ తీసుకున్నాడు. అంటే తొడుక్కునే రజాయి! అయితే ఈక తడిస్తే ముద్దయిపోతుంది. అందుకే ఈనాటి వేటగాడు దాన్ని ఎక్కేటప్పుడు సంచీలో ఉంచి, కూర్చున్నప్పుడే తీస్తాడు. పైగా ఉబ్బిన చేతికి వింటినారి తగిలితే బాణం గురి తప్పుతుంది.

రెండో ప్రపంచ జంగ్‌లో అమెరికా ఫౌజ్ 1943 నమూనా జాకెట్‌తో పొరల పద్ధతిని సిపాయిల ఒంటి మీదకి తెచ్చింది. పైన గాలి ఆపే కాటన్, లోపల అవసరాన్ని బట్టి ఉన్ని. జంగ్ అయ్యాక ఫౌజ్ మిగులు బట్టలే వేటగాళ్లకు చవకగా దొరికాయి. 1969లో బాబ్ గోర్ టెఫ్లాన్‌ని ఒక్క గుంజుతో సాగదీసి, ఆవిరి పోయే, నీళ్లు రాని గోర్‌టెక్స్ కనిపెట్టాడు. 1979లో మసాచుసెట్స్ రాష్ట్రం లారెన్స్ ఊళ్లో మాల్డెన్ మిల్స్ వాళ్లు పోలార్ ఫ్లీస్ తీశారు, తడిసినా తొందరగా ఆరే కృత్రిమ ఉన్ని. (1995 డిసెంబర్‌లో ఆ మిల్లు కాలిపోతే మాలిక్ ఆరన్ ఫ్యూయర్‌స్టీన్ పని లేకున్నా మజ్దూర్లకు నెలల తరబడి తనఖా ఇచ్చాడు. ఆరేళ్లకు కంపెనీ దివాలా తీసింది. అయినా ఆ పేరు యాద్ పెట్టుకోదగ్గదే.)

అబ్రా రంగు మీద మనకూ కొంచెం హక్కుంది. ఖాక్ అంటే మట్టి. 1846లో పెషావర్‌లో లమ్స్‌డెన్ పెట్టిన గైడ్స్ దళం మట్టిరంగు బట్టలు వేసుకుంది, అక్కణ్నుంచి ఖాకీ దునియా అంతా పాకింది. 1980లో వర్జీనియా బాణం వేటగాడు జిమ్ క్రమ్లీ చెట్టు బెరడు నమూనాతో ట్రీబార్క్ గుడ్డ అమ్మాడు. ఆ దారిలోనే ఇవాళ దుకాణాల్లో కనిపించే ఆకుల, కొమ్మల చిత్రాలన్నీ వచ్చాయి. నా రాయ్ అడిగితే రంగు మీద జనం పెట్టే ఖర్చు ఎక్కువే. ఎల్క్‌కి కంటి కన్నా ముక్కూ చెవీ చురుకు. గోర్‌టెక్స్ కొమ్మకు రాసుకుంటే చప్పుడు చేస్తుంది, ఫ్లీస్, ఉన్ని చేయవు. అందుకే దగ్గరికి పాకేవాళ్లు వాన కోటుని వాన పడేదాకా తీయరు. అస్తర్‌గా చాలామంది ఇప్పుడు సన్నటి మెరీనో ఉన్ని ఎంచుకుంటారు. పాలియెస్టర్ తొందరగా ఆరుతుంది కానీ రెండో రోజుకే కంపు కొడుతుంది, మెరీనో వారం పోయినా అంత కొట్టదు. ఇషి వాగులో స్నానం చేసి చేసిన పనినే వీళ్లు గొర్రె బొచ్చుతో చేసుకుంటున్నారు.

ఈసారి ఖాలా కొడుకు బాణం నేర్చుకుని, లైసెన్సు తీసుకుని మళ్లీ పోతానంటున్నాడు. జీన్స్ ఇంట్లోనే ఉంటుందట. ఒంటి మీద పల్చటి మెరీనో ఒక్కటే వేసుకుని వణుకుతూ బయల్దేరాలి, పది నిమిషాల్లో నడకే వేడి పుట్టిస్తుంది. పైకి చేరగానే తడిసిన అస్తర్ విప్పి సంచీలోని పొడిది తొడుక్కుని, దాని మీద ఫ్లీస్, దాని మీద గాలి ఆపే కోటు. "చలిలో బట్టలు విప్పాలా?" అని అమ్మీ ఫోన్ లాక్కుని మరీ అడిగింది. "తడివి విప్పాలి ఖాలా" అన్నాడు వాడు. అమ్మీకి నమ్మకం కుదరలేదు. నాలుగు జతల ఉన్ని మేజోళ్లు పార్సెల్ కట్టించింది.