అరకులో ఆకలేస్తే

బొడ్డవర స్టేషన్ దాటింది. ఇక్కడి నుంచి రైలు కొండెక్కుతుంది. సొరంగం వచ్చిన ప్రతిసారీ పెట్టెలో కుర్రాళ్లు ఈలలు వేస్తారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఇలాంటివి 58 ఉన్నాయి, అన్నిటికీ వేస్తారు. ఆ చీకట్లోనే ఇడ్లీల బుట్ట వచ్చి మీ మోకాలి దగ్గర ఆగుతుంది. తెల్లారకముందే లేచి విశాఖలో రైలెక్కారు, కడుపు ఖాళీ. బుట్ట మీది గుడ్డ తాకి చూడండి. వెచ్చగా ఉంటే నాలుగిడ్లీ తీసుకోండి, చట్నీ మాత్రం వద్దనండి. ఇడ్లీ ఆవిరి మీద ఉడికింది. చట్నీ ఎప్పుడు రుబ్బారో, అందులో ఏ నీళ్లు పోశారో ఎవరికి తెలుసు? ఇంటి నుంచి కారప్పొడి పొట్లం తెచ్చుకున్నవాడే ఈ రైల్లో జ్ఞాని.

రోడ్డు దారిన వచ్చేవాళ్లకైతే ఇంకో మాట. శృంగవరపుకోటలో పూరీ కూర కడుపునిండా తిని ఘాట్‌రోడ్డెక్కితే, అనంతగిరి మలుపుల దాకా అది మీతో రాదు.

బొర్రా గుహల స్టేషన్లో దిగారు. గుహలకు పోయే దారిలో పొగ వాసన ముందు తగులుతుంది, తర్వాత మంటలు కనిపిస్తాయి. మంటల మీద పచ్చి వెదురు బొంగులు, వాటి వెనక పిలుపులు: ‘బొంగు చికెన్ సార్, వేడివేడిగా!’ తొందరపడకండి. పొయ్యి పక్కన నల్లగా మాడి చేర్లబడి ఉన్న బొంగులు పొద్దున్నవో, నిన్నటివో. మీక్కావాల్సింది ఇంకా నింపని బొంగు. ధర కిలోకా, బొంగుకా అన్నది ముందే తేల్చుకోండి. మాంసం తూచేటప్పుడు పక్కనే నిలబడండి.

అల్లం వెల్లుల్లి, ఉప్పు, కారం, పసుపు పట్టించిన ముక్కల్ని పొయ్యి దగ్గరి ఆమె బొంగులోకి కూరుతోంది. కింద కణుపు ఉంది కాబట్టి అడుగు మూసే ఉంటుంది. చుక్క నూనె లేదు, నీళ్లు లేవు. మూతికి ఆకులు కుక్కి మంట మీద పెట్టింది. వెదురులో తేమ, కోడిలో నీరు లోపలే ఆవిరై ముక్కను ఉడికిస్తాయి. ఎండు బొంగైతే కోడికంటే ముందు అదే కాలిపోతుంది. ఆమె బొంగును అటూ ఇటూ దొర్లిస్తోంది. మీ ఆకలి ఆగడం లేదు. ‘అయిందా అమ్మా?’ అన్నారు. ‘ఉండండి బాబూ, ఇంకా ఉడకనేదు’ అందామె. ఇలా చెప్పే మనిషి దొరికిందంటే సరైన పొయ్యి దగ్గరే ఆగారన్నమాట.

ఆకులో గుమ్మరించాక అన్నిటికంటే పెద్ద ముక్క విరిచి చూడండి. ఎముక దగ్గర ఎర్రదనం ఉంటే మళ్లీ మంట మీద పెట్టమనండి, మొహమాటం వద్దు. నిమ్మకాయ మీ ముందు కోయించుకోండి. ఎప్పుడో తరిగి ఈగలకు వదిలేసిన ఉల్లిపాయ జోలికి పోకండి. పొట్లం చేతిలో ఊపుకుంటూ గుహల వైపు నడవకండి, ఇక్కడి కోతులకు బేరం తెలీదు, లాక్కోవడమే.

ఇంతా చేసి, బొంగు చికెన్ ఇప్పుడు ముఖ్యంగా చూడొచ్చినవాళ్ల విందు. నన్నడిగితే అరకు రుచి సంతలో ఉంది. అల్లం, పసుపు, రాజ్మా గింజల కుప్పల మధ్య నడుస్తూ ఒక్కటే చూడండి, సరుకు అమ్ముకోడానికొచ్చినవాళ్లు ఎక్కడ కూర్చుని తింటున్నారు? చోడి అంబలి కుండ అక్కడే ఉంటుంది. మైదానంలో రాగులంటాం, ఈ వైపు చోళ్లు. రాత్రి నానబెట్టి పులియనిచ్చిన చోడిపిండిని ఉడికించి, గంజిలా జారుగా దించుతారు. మీరు గ్లాసు అడిగితే కుండ దగ్గరి ముసలమ్మ ఎగాదిగా చూస్తుంది. ‘తాగుతారేటి?’ తాగుతారు. అయితే పలచన చెయ్యడానికి ఆమె చెంబు అందుకునేలోపే, చన్నీళ్లు కలపొద్దని చెప్పండి. ఉడికిన అంబలితో పేచీ లేదు, పైన పోసే నీళ్లతోనే. పులుపు నాలుకకు తగిలి, పచ్చిమిరపకాయ కొరికాక, మధ్యాహ్నం భోజనం సంగతి మీకు గుర్తు రాదు. డబ్బులు చిల్లరగా ఇవ్వండి. సిగ్నల్ లేనిచోట ఫోన్ పట్టుకుని చేతులు పైకెత్తి తిరిగితే ఆమెకు నవ్వొస్తుంది, మీకు ఆలస్యమవుతుంది.

నీళ్ల గురించి కాస్త. అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల పైన ఉంది, కాబట్టి ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. క్రిములు చావడానికి ఆ వేడి చాలు, తెర్లనిచ్చి దించితే సరి. కొండవాగు నీళ్లు ఎంత తేటగా మెరిసినా నమ్మకండి, పైన ఏ పశువు దిగిందో కింద ఉన్న మీకు కనపడదు. ఐసు ముక్కలూ ఆ నీళ్లే. అనాసపండు కొంటే కాయ మీరు ఎంచి ఎదురుగా కోయించుకోండి, ఉప్పూకారం చల్లిస్తే ఇంకా మంచిది.

రోడ్డు పక్క ప్లాస్టిక్ సీసాల్లో తెల్లగా కనిపించేది జీలుగు కల్లు. చెట్టు నుంచి దించిన పొద్దున తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులిసి నిషా ఎక్కుతుంది. సీసాలోది ఎప్పుడు దించారో, ఏం కలిపారో మీకు తెలీదు, వదిలెయ్యండి. సాయంత్రం ఎవరో చెవిదగ్గరకొచ్చి ‘ఇప్పసారా ఉంది’ అంటారు. నాటుసారా నేరం, అది ఒక కారణం. కాచినవాడెవడో తెలియని సారా కళ్లు తీసేయగలదు, అది అసలు కారణం.

ఈలోగా చలి దిగింది, కాఫీ వేళ. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో దీనికో దుకాణం తెరిచారు. ఇంత పేరున్న ఊళ్లోనూ బడ్డీకొట్టువాడు ఇన్‌స్టంట్ పొడి కలిపి ఇవ్వొచ్చు. ‘డికాక్షనేనా?’ అని అడిగి, పాలు పొంగేదాకా ఆగి తాగండి. కొట్లు పెందలాడే కట్టేస్తారు, రాత్రి భోజనం బసలో వండించుకునేట్టయితే ఆ మాట ఇప్పుడే ఫోన్ చేసి చెప్పెయ్యండి.

ఇంటికి పొడి కావాలా? 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ దుకాణాలున్నాయి, కాఫీతోపాటు తేనె కూడా దొరుకుతుంది. ఎక్కడ కొన్నా ప్యాకెట్ తిప్పి చిన్న అక్షరాలు చదవండి. చికోరీ 49 శాతం దాకా కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది, ఎంత కలిపారో అచ్చు వెయ్యాలి. వేయించిన తేదీ కూడా చూడండి. పాతదైతే పక్కన పెట్టి, కొత్త ప్యాకెట్ తియ్యమనండి.